నత్త పంపులో దూరేది పంపు ఆగినప్పుడే

తెల్లవారుజామున కరెంటు వచ్చింది. ఉప్పునీటి చేపల ట్యాంకులో లైటు వెలిగింది, మురికిని నురగగా బయటికి తీసే స్కిమ్మర్ నురగ కట్టడం మొదలెట్టింది, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ పంపు మాత్రం తిరగడం లేదు. అద్దానికి చెవి ఆనిస్తే సన్నగా జుమ్మంటోంది. ప్లగ్గు పీకి, పంజరం లాంటి ముందు మూత విప్పితే రెక్కకీ గోడకీ మధ్య బఠాణీ గింజంత నత్త. ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లలో ఈ దృశ్యం చూడనివాళ్లు తక్కువ.

చూడగానే వచ్చే మాట, "పంపు నత్తను లాగేసింది" అని. చాలాసార్లు జరిగింది అది కాదు. పంపు తిరుగుతున్నంతసేపూ మూత దగ్గర నీటి ఒరవడి గట్టిగా ఉంటుంది. కాస్త ఎదిగిన నత్త అక్కడ పాదం ఆనించి పైపైన మేస్తుంది కానీ సందులోకి తల పెట్టదు. పంపు ఆగిందంటే అదే సందు కదలిక లేని చీకటి గూడు. లోపల రెక్కల మీద, గోడల మీద ఎవరూ ముట్టని నాచు పొర. నత్త నింపాదిగా లోపలికి పాకుతుంది. కరెంటు రాగానే రోటర్ (రెక్కలు, అయస్కాంతం కలిసి తిరిగే భాగం) ఒక్క ఉదుటున తిరగబోయి గుల్లకు కొట్టుకుంటుంది. కాబట్టి జాగ్రత్తలన్నీ పంపు ఆగి ఉండే ఆ కాసేపటి చుట్టూ అల్లుకోవాలి. జల్లెడలూ స్పాంజిలూ ఆ తర్వాతి మాట.

దూరేవి ఏవి, అడ్డుపడేవి ఏవి

నత్తలన్నీ పంపుకు ఒకే రకం శత్రువులు కావు. టర్బో, పెద్ద ట్రోకస్ లోపలికి పట్టవు. అవి మూత మీద కూర్చుని సందులు మూసేస్తాయి, అంతే. ధార తగ్గుతుంది, పంపు గొంతు మారుతుంది, నత్త కదిలిపోగానే సర్దుకుంటుంది. ఆస్ట్రేయా (Astraea) నత్త ఇబ్బంది వేరు. పడిపోయి వెల్లకిలా పడితే, ముఖ్యంగా ఇసుక మీద, అది తనంతట తాను తిరగబడలేదు. అలాగే పడి చస్తుంది. ఆ ఖాళీ గుల్ల ధారకు దొర్లుకుంటూ పంపు దాకా రావచ్చు, లేదా అందులో సన్యాసి పీత కాపురం పెట్టి గుల్లతో సహా పంపెక్కవచ్చు. అందుకే ఆస్ట్రేయా, ట్రోకస్‌లలో ఒకటి ఎంచుకోవాలంటే ట్రోకస్ మేలు. పడినా లేస్తుంది.

సెరిత్ గుల్ల పొడుగ్గా, మేకులా ఉంటుంది. దీని విషయంలో పొడవు చూసి మోసపోకూడదు, చూడాల్సింది మందం. రెండు సెంటీమీటర్ల సెరిత్ కూడా మొన వైపు 3 మి.మీ. సందులో ఇరుక్కోగలదు. నసారియస్ రోజంతా ఇసుకలో ముక్కు మాత్రం పైకి పెట్టుకుని దాక్కుంటుంది. మేత వాసన తగిలితే చాలు, ఒక్కసారిగా లేచి అద్దమెక్కుతుంది. మనం మేత వేసేటప్పుడే పంపులు ఆపుతాం. రెండూ ఒకే పది నిమిషాల్లో జరుగుతాయి.

అసలు ఇబ్బంది కొనుక్కొచ్చిన నత్తలతో కాదు, పిలవకుండా వచ్చినవాటితో. కొలోనిస్టా అనే బుల్లి నత్తలు ట్యాంకులో పెట్టే సజీవ సముద్రపు రాళ్లతో (లైవ్ రాక్) పాటు వస్తాయి. ఎదిగినా అయిదారు మిల్లీమీటర్లకు మించవు. పగలు కనబడవు, రాత్రి టార్చి వేస్తే అద్దం మీద వందల్లో తేలతాయి. స్టొమటెల్లా గుల్ల చెవి ఆకారంలో పలచగా ఉంటుంది, కాబట్టి సన్నని సందులోకీ జారిపోతుంది. ఈ రెండూ ట్యాంకులోనే పిల్లలు పెట్టి పెరుగుతాయి. వీటివల్ల పగడాలకు హాని లేదు, నాచు తింటాయి కూడా. కానీ తిరుగుతున్న పంపులోకి కూడా లాగబడేంత చిన్నవి ఇవే. "పంపు లాగేసింది" అన్న మాట వీటి విషయంలో నిజం.

గుల్ల తగిలితే ఏం పోతుంది

నత్త గుల్ల కాల్షియం కార్బనేటు, అందులోనూ ఎక్కువ భాగం అరగొనైటు. పంపు రెక్కల ప్లాస్టిక్ కంటే అది చాలా గట్టిది. గుద్దుకుంటే ముందు చిట్లేది రెక్క అంచు. మూడు రెక్కల్లో ఒకదాని కొస పోయినా బరువు ఒకవైపుకు ఒరిగి రోటర్ ఊగుతుంది, గరగర మొదలవుతుంది, ఆ ఊపుకు రెండు చివరలా షాఫ్ట్‌ను పట్టి ఉంచే చిన్న బుష్‌లు అరుగుతాయి. మధ్యలో ఉండే సిరామిక్ షాఫ్ట్ అరగదు, కానీ పెళుసు. ఉదుటున దెబ్బ తగిలితే సుద్దముక్కలా రెండవుతుంది.

మోటారు సంగతి దాని రకాన్ని బట్టి. మామూలు ఏసీ పంపులో రోటర్ ఆగిపోతే కాయిల్‌లోకి కరెంటు పెరిగి వేడెక్కుతుంది. దాన్ని చల్లబరిచేది చుట్టూ పారే నీళ్లే కాబట్టి, పారుదల ఆగితే ఆ వేడి అక్కడే ఉండిపోతుంది. గంటల తరబడి అలా జుమ్మంటూ ఉండిపోయిన పంపు కాలిపోవచ్చు. డీసీ పంపుల్లో ఎక్కువవాటికి ఇరుక్కున్న సంగతి కంట్రోలర్ కనిపెట్టి, రెండు మూడుసార్లు ప్రయత్నించి ఆపేస్తుంది. పంపు బతుకుతుంది. అయితే చప్పుడు లేకుండా ఆగిపోవడమే దానితో వచ్చిన చిక్కు. కలిసిన ఆక్సిజన్ సముద్రపు నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే పడుతుంది. మే నెల రాత్రి, నిండా చేపలున్న ట్యాంకులో పంపు ఆగిన సంగతి పొద్దున్న తెలిస్తే ఆలస్యమే.

మనుషుల్ని బాగా తికమక పెట్టే లోపం ఒకటుంది. పంపు విప్పితే నత్త లేదు, రోటర్ చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతుంది, ప్లగ్గు పెడితే మాత్రం వణుకుతుంది తప్ప అందుకోదు. చిన్న ఏసీ పంపుల్లో అయస్కాంతానికీ రెక్కలకీ మధ్య కావాలనే కొంచెం వదులు ఉంచుతారు. అయస్కాంతం ఆ కాస్త మేర ఖాళీగా కదిలి ఊపందుకున్నాకే రెక్కల్ని తోస్తుంది. చితికిన గుల్ల పలుకు ఆ వదులులో దూరితే ఊపందుకునే చోటే ఉండదు. రెక్కల్ని ఒక చేత్తో, అయస్కాంతాన్ని ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. పావు చుట్టో అర చుట్టో స్వేచ్ఛగా కదలాలి. కదలకపోతే పలుకు అక్కడుంది.

అయస్కాంతం మీది పూత కూడా చూడాలి. గుల్ల గీతపడి పూత లేచిందంటే ఉప్పునీరు లోపలికి దిగి అయస్కాంతం తుప్పుపట్టి ఉబ్బుతుంది. గోధుమరంగు చార గానీ చిన్న బుడిపె గానీ కనబడితే ఆ రోటర్‌ని మళ్లీ ట్యాంకులో పెట్టకండి. కడిగితే బాగుపడేది కాదది.

ఆగే గంటల్ని తగ్గించడం

చేతిలో ఉన్న పనుల్లో చవకైనదీ ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. రాత్రిపూట చేపలు నిద్రపోతాయని వేవ్‌మేకర్లను టైమర్‌తో పూర్తిగా ఆపేసే అలవాటు కొందరికి ఉంది. నత్తలు మేతకు బయల్దేరే వేళే అది. ఆపకండి, వేగం 30 శాతానికి తగ్గించండి. రెక్క తిరుగుతూ ఉంటే చాలు, నత్త లోపల కాపురం పెట్టదు. వేగం తగ్గించే వీలులేని ఏసీ పంపు అయితే రాత్రంతా నడవనివ్వడమే మంచిది. మేతవేళ ఆపక తప్పదనుకుంటే పది నిమిషాలు చాలు. తిరిగి ఆన్ చేసే ముందు మూతల వైపు ఒక్క చూపు వేయండి, మీద నసారియస్ ఉంటే వేలితో తోసేయండి.

కరెంటు కోత మన చేతిలో లేదు. ఇంటి ఇన్వర్టర్ మీదికి పంపును మార్చేముందు అది ఏ రకమో చూసుకోవాలి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద ఏసీ పంపులు గట్టిగా మోగుతాయి, మామూలు కంటే వేడెక్కుతాయి. సైన్ వేవ్ అయితే బెంగలేదు. 5 నుంచి 10 వాట్ల డీసీ వేవ్‌మేకర్ ఒక్కటి ఇన్వర్టర్ మీదో, దాని సొంత బ్యాటరీ మీదో నడిచినా రెండు పనులు జరుగుతాయి: చేపలకు గాలి అందుతుంది, కనీసం ఆ పంపులోకి నత్త దూరదు. మిగతావి ఆగి ఉంటే, కరెంటు వచ్చిన తొలి రెండు నిమిషాల్లో ప్రతి పంపు చప్పుడూ వినడం అలవాటు చేసుకోవాలి.

ఇంకొకటి. పంపు మూత నత్తకు వడ్డించిన విస్తరి. ధార బాగా తగిలే చోట కాబట్టి అక్కడ నాచు, ఊదారంగు కోరలైన్ (సున్నపు నాచు) పొర ఒత్తుగా పెరుగుతాయి. ట్యాంకులో మిగతా నాచంతా తినేసిన నత్తలు చివరికి చేరేది అక్కడికే. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో మూత, వైరు తోమేస్తే అటువైపు పాకే నత్తలు తగ్గుతాయి. నత్తల్ని లెక్కకు మించి వేయడం కూడా ఇదే సమస్య తెస్తుంది. 200 లీటర్ల ట్యాంకుకు ఆరేడు ట్రోకస్, ఆరు సెరిత్, నాలుగైదు నసారియస్ సరిపోతాయి. "శుభ్రం చేసే బృందం" పేరిట యాభై అరవై నత్తలు అంటగడితే ఒప్పుకోకండి. తిండి చాలని నత్తలు ముందు ఊరేగుతాయి, తర్వాత చస్తాయి.

జల్లెడ పెట్టేటప్పుడు వేయాల్సిన లెక్క

జల్లెడ అనగానే సన్నని మెష్ తెచ్చి పంపు నోటికి బిగించేస్తారు. మూడో రోజుకు అది పూడుకుపోతుంది, పంపుకు నీళ్లు చాలవు, గడగడమంటూ బుడగలు కక్కుతుంది. కన్ను చిన్నదైతే నత్త ఆగుతుంది, నిజమే. కానీ కన్ను ఎంత చిన్నదైతే జల్లెడ అంత పెద్దదై ఉండాలి.

కింది తొట్టి (సంప్) నుంచి నీళ్లను తిరిగి ట్యాంకులోకి గంటకు 3,000 లీటర్లు తోసే రిటర్న్ పంపు తీసుకుందాం. సెకనుకు సుమారు 833 ఘన సెంటీమీటర్లు. జల్లెడ కంతల్లో నీటి వేగం సెకనుకు 10 సెం.మీ. దాటకుండా చూసుకుంటే చిన్న నత్త అతుక్కుపోకుండా పాకి తప్పుకోగలదు, చెత్త కూడా అంత గట్టిగా పట్టదు. అంటే 83 చదరపు సెంటీమీటర్ల ఖాళీ కావాలి. ప్లాస్టిక్ మెష్‌లో దాదాపు సగం నార, సగం కంత. కాబట్టి మొత్తం మెష్ 170 చదరపు సెంటీమీటర్లు. 10 సెం.మీ. వ్యాసం, 6 సెం.మీ. ఎత్తు ఉన్న గుండ్రని బుట్ట చేస్తే చుట్టూ 188 వస్తుంది, సరిపోయింది. పంపు నోటికి నేరుగా కట్టే నాలుగు సెంటీమీటర్ల మెష్ ముక్క ఇందులో పదో వంతు కూడా కాదు.

కన్ను 3 మి.మీ. మంచి రాజీ. అంతకంటే సన్నది పెడితే కొలోనిస్టా పిల్లలు కూడా ఆగుతాయి, కానీ రెండు రోజులకోసారి కడగాల్సి వస్తుంది, అది ఎవరూ చేయరు. మెష్ గట్టి ప్లాస్టిక్‌దే కావాలి, కట్టడానికి నైలాన్ టై వాడాలి. స్టీలు తీగ ఉప్పునీటిలో తుప్పుపడుతుంది. ఇత్తడి, రాగి అసలు కూడదు. రాగి నీటిలో కరిగితే నత్తలు, రొయ్యలు, పగడాలు అన్నీ పోతాయి.

స్పాంజి రిటర్న్ పంపుకు పనికొస్తుంది, గరుకు రకం, వారానికోసారి ట్యాంకు నీళ్లలోనే పిండి కడిగితే. కడగని స్పాంజి చెత్తబుట్టే, నైట్రేటు పెంచుతుంది. వేవ్‌మేకర్‌కు స్పాంజి తొడగడం మాత్రం దండగ. విశాలమైన మెత్తని ధార కోసం కొన్న పంపు, స్పాంజి తొడిగితే ఆ ధారే పోతుంది. దానికి మూత సందులు సన్నగా ఉన్న మోడల్ ఎంచుకోవడం, ఆగకుండా చూసుకోవడం, ఈ రెండే దారి. స్కిమ్మర్ పంపులో రెక్కకు బదులు ముళ్లచక్రం ఉంటుంది, బుల్లి నత్తలు ఆ ముళ్ల మధ్య ఇరుక్కుని నురగ పాడవుతుంది. దాని నోటికి కూడా పెద్ద బుట్ట జల్లెడే మందు.

సంప్ దారిలో

కింద సంప్ ఉన్న ట్యాంకులో నత్త నీళ్లు పొర్లి దిగే అంచు (ఓవర్‌ఫ్లో) పళ్ల మీదుగా దిగి, పైపులోంచి సంప్‌లో పడి, అడ్డుగోడలెక్కి రిటర్న్ పంపు గదికి చేరుతుంది. అడ్డుగోడలు బుడగల్ని ఆపుతాయి, నత్తను ఆపవు. అద్దమెక్కేదానికి గోడ ఒక లెక్కా? విశాఖ తీరంలో బండలకు అంటుకుని ఉండే నెరైట్ లాంటివైతే నీళ్లు దాటి పైకెక్కడమే వాటి నైజం. ఆటుపోట్ల అంచున బతికే ప్రాణులవి, ట్యాంకులో వేసినా ఓవర్‌ఫ్లో అంచునే పట్టుకుని తిరుగుతాయి.

ఇక్కడ పంపు కంటే ఇంటి నేలకు ముప్పు ఎక్కువ. రిటర్న్ పైపులో నీటిమట్టానికి కాస్త కింద ఒక చిన్న రంధ్రం పెడతారు, పంపు ఆగినప్పుడు గాలి పీల్చి సైఫన్ (ట్యాంకు నీళ్లు పైపులోంచి వాటంతట అవే వెనక్కి దిగడం) తెగిపోవడానికి. ఆ రంధ్రం మీద ఒక నత్త కూర్చుంటే సైఫన్ తెగదు. 120 x 45 సెం.మీ. ట్యాంకులో ప్రతి సెంటీమీటరు మట్టం 5.4 లీటర్లు. రంధ్రం 2 సెం.మీ. లోతులో పనిచేస్తే సంప్‌లోకి దిగేది 11 లీటర్లు. మూసుకుపోయి, పైపు మూతి 10 సెం.మీ. లోతులో ఉంటే 54 లీటర్లు. రంధ్రాలు రెండు పెట్టండి, వేర్వేరు పక్కల. తర్వాత రెంటినీ వేళ్లతో మూసి, ఇంకొకరిని పంపు ఆపమనండి. సంప్ పొంగకపోతేనే ఆ ఏర్పాటు నమ్మదగినది. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు ఉందిగా అనుకోవద్దు, గుల్ల పలుకు ఒక్కటి దాని మూతకు అడ్డం పడితే అది తెరిచిన తలుపే.

దిగే పైపు నోటికి కూడా నిలువు గాట్లున్న పెద్ద మూత పెట్టాలి. నేరుగా నోటి మీద మెష్ గుడ్డ కడితే ఒక్క నత్త, ఒక్క నాచు ముద్ద చాలు మూసేయడానికి. మొదటి పైపు మూసుకుపోతే నీళ్లు దిగడానికి రెండో పైపు ఎప్పుడూ ఖాళీగా, మట్టానికి పైన ఉండాలి.

ఆవిరైన నీళ్లు నింపే ఫ్లోట్ స్విచ్ మీద నత్త ఎక్కడం మరో పాత తంటా. నత్త బరువుకు ఫ్లోట్ కిందికే ఉండిపోతుంది, నీళ్లు తగ్గాయనుకుని ఆర్వో (శుద్ధి చేసిన మంచినీళ్ల) పంపు పోస్తూనే ఉంటుంది. 200 లీటర్ల ట్యాంకులో 20 లీటర్లు అదనంగా పడితే లవణీయత వెయ్యికి 35 పాళ్ల నుంచి 32 లోపుకు జారుతుంది. నత్తలకే అది ముందు తగులుతుంది. ఫ్లోట్‌ను కంతలున్న పీవీసీ గొట్టంలో పెట్టండి, పైన రెండో ఫ్లోట్ వరుసలో కలపండి, మంచినీళ్ల డబ్బా పది లీటర్లకు మించనివ్వకండి. అన్నీ విఫలమైనా పడేది పది లీటర్లే.

ఇరుక్కున్నాక

ముందు ప్లగ్గు తీయాలి, స్విచ్ ఆపడం చాలదు. పంపు బయటికి తీసి ట్యాంకు నీళ్లున్న గిన్నెలో పెట్టండి. నత్త బతికే ఉంటే లాగకండి, పాదం గోడకు అంటుకుని ఉంటుంది, లాగితే చిరుగుతుంది. పది పదిహేను నిమిషాలు కదపకుండా వదిలితే చాలాసార్లు అదే వస్తుంది. రాకపోతే గుల్లను పక్కకు మెల్లగా మెలితిప్పుతూ తీయాలి. పనిముట్టుగా వెదురుపుల్ల మంచిది. స్టీలు స్క్రూడ్రైవర్‌ను అయస్కాంతం లాక్కుంటుంది, ఆ లాగుడులో షాఫ్ట్ విరుగుతుంది.

రోటర్ తీసేటప్పుడు రెక్కలు పట్టి పీకకుండా షాఫ్ట్ వరుసలో నిటారుగా లాగండి. బుష్‌లు రెండూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఒకటి గూట్లోనే అంటుకుని ఉండిపోయి, కడిగేటప్పుడు సింకులో పోవడం మామూలే. గూటి అడుగున గుల్ల పలుకులు మిగలకుండా టార్చి వేసి చూడాలి. తెల్లని సున్నపు పొర ఉంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు కలిపి గంట నానబెట్టండి, లేదా వెనిగర్, నీళ్లు సగం సగం. మరిగే నీళ్లు వద్దు. బ్లీచింగ్‌తో కలిపి మాత్రం ఎప్పుడూ వాడకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. బాగా కడిగి, బకెట్లో ఒకసారి నడిపి, చప్పుడు విన్నాకే ట్యాంకులోకి.

బయటికి తీసిన నత్త బతికిందో లేదో ముక్కే చెబుతుంది. చచ్చిన నత్త కంపు ఇంకదేనికీ ఉండదు. అనుమానంగా ఉంటే గిన్నెలోనే రాత్రంతా ఉంచండి. చచ్చిన పెద్ద టర్బో ఒకటి రాళ్ల వెనక కుళ్లితే చిన్న ట్యాంకులో అమ్మోనియా పెరగడానికి అదే చాలు.

ఇక వెర్మెటిడ్ నత్తలు. ఇవి నడవవు, అతుక్కున్నచోటే సన్నని సున్నపు గొట్టం కట్టుకుని, జిగురు వల విసిరి తింటాయి. రాళ్ల మీద ఉన్నవాటి గొట్టం విరిచి, మిగిలిన మొదలు మీద సూపర్ గ్లూ జెల్ చుక్క పెట్టి మూయవచ్చు. పంపు లోపల అలా కుదరదు. రెక్క తిరిగే గది గోడకు పట్టిన గొట్టాలు నెలనెలా కాస్త పెరిగి రెక్క అంచుకు రాసుకుంటాయి. ఆగి ఉన్న పంపులోకి దూరే నత్తలకు చెప్పిన జాగ్రత్తలేవీ వీటికి పనికిరావు, జల్లెడ కూడా. మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పు స్నానం, మెత్తబడ్డాక బ్రష్. వరుస తప్పి ఏడాది వదిలేస్తే గొట్టాలు ఎంత గట్టిపడతాయంటే, గీకేటప్పుడు గోడ ప్లాస్టిక్ కూడా లేచొస్తుంది.